కొండబాట

నడక మానవుడు నేర్చే తొలి విద్య. తల్లి వేలు పట్టుకొని తప్పటడుగులతో ఆ విద్యను ఆరంభించిన శిశువు, నేటి నగర జీవితంలో కొద్ది కాలానికే దానిని మరచిపోతున్నాడు. బడికి బస్సు, అంగడికి మోటారు సైకిలు, మేడ ఎక్కడానికి లిఫ్టు అమరిన తరువాత కాళ్ళకు పని తగ్గింది. ఒకే ఇంటిలో నివసించే నలుగురు నాలుగు తెరల ముందు కాలం గడుపుతున్నారు. అటువంటి కుటుంబాన్ని ఒక్క దారిలో నిలిపి, ఒకరి వెనుక ఒకరిని నడిపించి, ఒకరి అలసటను మరొకరు గుర్తించేటట్లు చేయగల శక్తి కొండబాటకు ఉన్నది. ఆ బాట వెడల్పు ఒక్క మనిషి పట్టేంత మాత్రమే. అక్కడ అందరికంటే ముందు నడిచేవాడు గొప్పవాడు కాడు. అందరికంటే మెల్లగా నడిచేవాడే అందరి వేగాన్ని నిర్ణయిస్తాడు.

ఇటువంటి బాటలకు తూర్పు కనుమలు నిలయం. పూర్వం విశాఖ మన్యంగా పిలిచిన ప్రాంతం 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. పాడేరు నుండి ముంచింగిపుట్టు వెళ్ళే మార్గంలో పెదబయలు మండలం ఉన్నది. బయలు అనగా విశాలమైన చదును నేల. కొండల నడుమ వరిమడులు, మెట్టల మీద చోడి, సామ చేలు, వాటి అంచున చిన్న చిన్న గ్రామాలు, వాటిని కలుపుతూ సన్నని కాలిబాటలు ఇక్కడి దృశ్యం. ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారు. ఈ సీమకు జీవనాడి మత్స్యగెడ్డ. పాడేరు, పెదబయలు, ముంచింగిపుట్టు ప్రాంతాల గుండా సాగి అది మాచ్‌ఖండ్ నదిని చేరుతుంది. మాచ్‌ఖండ్ దిగువన సీలేరు అవుతుంది. సీలేరు శబరిలోను, శబరి గోదావరిలోను కలుస్తాయి. పెదబయలు వద్ద ఒక బాలుడు కాలు తడుపుకొన్న నీరే కొంతకాలానికి గోదావరి డెల్టాలోని వరిచేనుకు చేరుతుందని తెలిసినప్పుడు, పాఠంలోని నదీవ్యవస్థ అతనికి ప్రత్యక్ష సత్యంగా గోచరిస్తుంది.

పిల్లలతోను, వృద్ధులతోను వచ్చే కుటుంబాలు సులభమైన దారితో ఆరంభించి క్రమంగా కఠినమైన దారికి సాగడం మేలు. అరకులోని పద్మాపురం ఉద్యానవనం తొలి అడుగులకు అనువైనది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి ఏర్పడిన ఆ తోట నేడు పసిపిల్లలు నిర్భయంగా తిరుగాడే స్థలం. డుంబ్రిగూడ మండలంలోని చాపరాయి వద్ద విశాలమైన రాతిపలక మీదుగా నీరు జారుతుంది. పెదబయలు పరిసరాలలో ఊరి నుండి ఊరికి పొలాల గట్ల మీదుగా సాగే బాటలు మరింత హాయి గొలుపుతాయి. అక్కడ ఎక్కుడు తక్కువ, చూడవలసినది ఎక్కువ. పాడేరుకు చేరువలోని వంజంగి కొండకు వాహనాలు ఆగిన చోటి నుండి కాలినడకన ఎక్కాలి. పెదబయలు మండలంలోనే ఒడిశా సరిహద్దు వైపున తారాబు జలపాతం ఉన్నది. అది మనోహరమైనదే కాని, స్థానికుల తోడు లేకుండా చిన్నపిల్లలతో వెళ్ళదగిన దారి కాదు.

వంజంగి వద్ద తెల్లవారుజామున కనిపించే మేఘసముద్రం మాయ కాదు, భౌతికశాస్త్ర విషయం. చలికాలపు రాత్రి కొండవాలులు త్వరగా చల్లబడతాయి. వాటిని తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, లోయలోనికి జారుతుంది. అక్కడి తేమ పొగమంచుగా మారి లోయను నింపుతుంది. శిఖరం మీద నిలిచినవారికి అది పాలకడలివలె తోస్తుంది. సూర్యరశ్మి వేడి తగలగానే ఆ మంచు విచ్చిపోతుంది. కనుకనే అక్కడికి సూర్యోదయానికి ముందే చేరాలి. సాధారణంగా కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ సముద్రతీరాన ఉన్న విశాఖపట్నం కంటె చల్లగా ఉండడానికి ముఖ్య కారణం ఇదే. తీరం నుండి పలుచని దుస్తులతో వచ్చే కుటుంబాలు ఈ చిన్న లెక్కను మరచి పిల్లలను చలికి గురిచేస్తుంటాయి.

నడకకు మరొక లెక్క కూడా అవసరం. 1892లో విలియం నెయిస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు ఒక సూత్రాన్ని చెప్పాడు. ఐదు కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరొక గంట పడుతుందని దాని సారాంశం. ఆ ప్రకారం నాలుగు కిలోమీటర్ల దారిలో 300 మీటర్లు ఎక్కడానికి దృఢకాయునికి సుమారు గంటా ఇరవై నిమిషాలు చాలు. కాని ఆ సూత్రం ఆరోగ్యవంతులైన పెద్దలను దృష్టిలో ఉంచుకొని చెప్పినది. ఏడేండ్ల బాలిక, అరవై ఐదేండ్ల తాతయ్య ఉన్న కుటుంబం ఆ కాలాన్ని రెట్టింపు చేసుకోవాలి. అందులో పిల్లలు సీతాకోకచిలుకను చూచి నిలిచిపోయే నిమిషాలు కూడా చేరి ఉండాలి. ఆ నిమిషాలు వృథా కావు. వచ్చినది వాటి కోసమే. దిగడానికి కావలసిన సమయాన్ని కూడా లెక్కించి, వెలుగు ఉండగానే వెనుకకు మరలేటట్లు నడకను ముగించడం వివేకం.

ఈ కొండలలో నడకకు అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వానకాలంలో పచ్చదనం అధికమే కాని, అపాయమూ అధికమే. మన్యంలో దోమల వలన మలేరియా వ్యాపించే కాలం కూడా అదే. నాచు పట్టిన రాయి జారుతుంది. నిన్న మోకాలి లోతున్న గెడ్డ నేడు మనిషిని ఈడ్చుకొనిపోతుంది. ఒక దృశ్యాన్ని ఊహించుకోవచ్చు. గెడ్డ ఒడ్డున ఒక కుటుంబం నిలిచి ఉన్నది. నీటిలో రాళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అవతలి ఒడ్డుకు గెంతాలని బాలుడు ఉబలాటపడుతున్నాడు. తలపై కట్టెల మోపుతో వస్తున్న ఒక వృద్ధురాలు ఆగి వారించింది.

"దాటకండమ్మా, గెడ్డ పొంగుతాది."

"ఇక్కడ వాన లేదు కదా, మామ్మా?" అన్నాడు బాలుడు.

"ఇక్కడ లేదు బాబూ, ఆ కొండ మీద ఉంది. నీరు వచ్చేది అక్కడినుంచే కదా!"

నదికి నీరు చేరే ప్రాంతాన్ని పరీవాహక ప్రాంతమని పుస్తకం చెబుతుంది. ఆమె ఆ మాటను వాడలేదు. ఆ జ్ఞానాన్ని మాత్రం జీవితంతో సంపాదించింది. కొండదారిలో అటువంటి వారి మాటను మించిన హెచ్చరిక పలక లేదు. తల్లిదండ్రులు ఆ మాటకు తలవంచి వెనుకకు మరలితే, ప్రకృతి ముందు పంతం పనికిరాదన్న పాఠం పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ యాత్రికులు గుర్తించవలసిన ముఖ్యవిషయం ఒకటి ఉన్నది. ఈ బాటలు విహారం కోసం వేసినవి కావు. సంతకు అల్లం, పసుపు మోసుకొనిపోయిన కాళ్ళు, ఊటనీటికి నడిచిన కాళ్ళు, బడికి పరుగెత్తిన చిన్నారి పాదాలు తరతరాలుగా తొక్కగా తొక్కగా ఏర్పడినవి. రోడ్డు లేని గ్రామాలలో రోగిని, నిండు చూలాలిని డోలీలో మోసుకొని వచ్చేది కూడా ఇటువంటి బాటల మీదనే. పట్నవాసికి ఉల్లాసాన్నిచ్చే ఎక్కుడు, డోలీ భుజాన వేసుకొన్న అన్నదమ్ములకు ప్రాణంతో పందెం. ఒకే దారి ఒకరికి వినోదం, మరొకరికి వేదన. ఈ భేదం తెలియని నడక కాళ్ళకు శ్రమను ఇస్తుందే కాని మనసుకు సంస్కారాన్ని ఇవ్వదు.

మన్యంలో దారుల చరిత్ర కూడా కష్టాల చరిత్రే. బ్రిటిషు కాలంలో నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయడానికి అధికారులు గిరిజనులచేత నామమాత్రపు కూలికి నిర్బంధంగా పని చేయించారు. అడవిపై వారి హక్కులను హరించిన చట్టాలతో పాటు ఆ నిర్బంధ శ్రమ కూడా 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన చెలరేగిన మన్యం తిరుగుబాటుకు కారణమైనది. దారి ఎవరి కోసం, ఎవరి చెమటతో అన్న ప్రశ్న ఈ కొండలలో నాటి నుండి వినిపిస్తూనే ఉన్నది. 2025 ఏప్రిల్‌లో గిరిజన ఆవాసాలకు రోడ్లు వేయడానికి 'అడవి తల్లి బాట' అనే కార్యక్రమం డుంబ్రిగూడ మండలం పెదపాడులో ప్రారంభమైనది. డోలీ అవసరం లేని రోజు వచ్చినప్పుడే కొండబాట ఊరివారికి కూడా ఆనందాన్ని ఇచ్చే బాట అవుతుంది.

అంతవరకు అతిథిగా నడవడం యాత్రికుని ధర్మం. అక్టోబరు, నవంబరు నెలలలో వలిసె చేలు పసుపు తివాచీ పరచినట్లు పూస్తాయి. ఆ పూలు ఫొటోల కోసం పూచినవి కావు. వాటి గింజలనుండి నూనె తీస్తారు. చేనులోనికి దిగి మొక్కలను తొక్కితే నష్టపడేది రైతు. గట్టు మీద నిలిచి చూచినా ఆ అందం తగ్గదు. వెండి ఓకు చెట్ల నీడలో, మిరియాల తీగల పక్కన ఎర్రబడే కాఫీ పండ్లు కూడా అటువంటివే. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కీర్తి వెనుక పండును పండుగా ఏరే గిరిజన స్త్రీల ఓర్పు ఉన్నది. పిల్లవాడు కోసిన గుప్పెడు పండ్లు ఆ ఓర్పునుండి తరిగినవే.

చేయదగిన పనులు సులభమైనవే. తెచ్చిన ప్లాస్టిక్ సంచులను, సీసాలను తిరిగి తీసుకొనిపోవాలి. అనుమతి లేనిదే మనుషులను, ఇండ్లను ఫొటోలు తీయరాదు. ఎదురుగా బరువు మోసేవారు వచ్చినప్పుడు పక్కకు తొలగి దారి ఇవ్వాలి. దారి చూపడానికి ఊరి యువకుని తోడు తీసుకొని, అతని కాలానికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. సంతలో చోళ్ళు, చింతపండు, తేనె కొన్నప్పుడు పట్నపు దుకాణాలలో చేయని బేరం అక్కడ చేయరాదు. ఇవి చట్టాలు కావు. పెద్దలు చేసి చూపితే పిల్లలకు అలవడే గుణాలు.

శిఖరాన్ని చేరామా లేదా అన్నది కుటుంబ యాత్రకు కొలమానం కాదు. అలసిన తాతయ్య చేతిసంచిని మనుమరాలు అడగకుండానే అందుకొన్నదా, కట్టెల మోపుతో వచ్చే అవ్వకు బాలుడు దారి విడిచాడా అన్నవే కొలమానాలు. ఎత్తైన కొండను ఎక్కినవాడు లోకాన్ని చిన్నదిగా చూడగలడు. అదే బాటలో నిత్యం నడిచేవారి బరువును గుర్తించినవాడు మనిషిని పెద్దగా చూడగలడు. నేటి యువతరం కొండలనుండి తెచ్చుకోవలసిన సంపద ఈ చూపే.