మన చెవులకు వినబడే భోంగా

ముంబై మిల్లుల్లో బతికినవాళ్ళకు భోంగా అంటే ఏమిటో చెప్పే పని లేదు. పొద్దుటి పాళీకి భోంగా కూస్తే పరేల్ అంతా లేచేది. మా చాళీలో చాలా ఇళ్ళకు అదే గడియారం. నేను 1979లో బదిలీ కార్మికుడిగా సాంచాల ఖాతాలో చేరాను. 1982 జనవరి 18న పెద్ద సమ్మె మొదలయ్యేదాకా, సమ్మె తర్వాత మళ్ళీ మిల్లు మూతపడేదాకా, నా బతుకు ఆ కూత మీదనే నడిచింది.

ఇప్పుడు మేము ఉండేది ఒక పాత మిల్లు జాగాలో లేపిన ఎత్తైన బిల్డింగులో. లాటరీలో వచ్చిన ఇల్లు, 225 చదరపు అడుగులు, 14వ అంతస్తు. ఇల్లు దొరికిందని సంతోషమే. కానీ చాళీలో ఏదన్నా అయితే నాలుగు మెట్లు దిగి గల్లీలో పడేవాళ్ళం. ఇక్కడ అట్లా కాదు.

పోయిన చలికాలం ఒక రాత్రి 9వ అంతస్తులో కరెంటు డక్టులో వైర్లు అంటుకున్నాయి. పొగ ఆ డక్టు పట్టుకొని పైకి వచ్చింది. అలారం మోగిందట. నాకు వినబడలేదు. నా భార్య భుజం పట్టి ఊపింది.

"సప్పుడు ఇనబడ్తలేదా? లెవ్వు, పొగ వస్తున్నది!"

తలుపు తీస్తే వరండా నిండా పొగ. మెట్ల మీది పచ్చ లైటు కనబడలేదు. హూటర్ కూత గోడలకు కొట్టుకొని అన్ని దిక్కుల నుంచి వస్తున్నట్టే ఉంది. రోజూ పోయే అలవాటు కొద్దీ అందరం లిఫ్టు దగ్గరికే పోయి గుమిగూడాము. ఎదురింటి పిల్లగాడు గోడ తడుముకుంటూ మెట్ల తలుపు పట్టుకొని కేక వేస్తే అప్పుడు ఇటు తిరిగాము.

రెండు అంతస్తులు దిగినంక నా గుండె ఆగినంత పనైంది. మా వరుసలోనే మూడో ఇంట్లో నా దోస్తు ఒక్కడే ఉంటాడు. మిల్లులో నా పక్క సాంచాలు ఆయనవే. ఆయన కనబడలేదు. నా కొడుకు ముక్కుకు తువ్వాల కట్టుకొని వెనక్కి ఉరికాడు. ఎంత కొట్టినా తలుపు తెరవలేదట. ఇంకొకరితో కలిసి తన్నితే గడియ ఊడింది. తలుపు కింది నుంచి పొగ దూరుతుంటే ఆయన గోడ దిక్కు తిరిగి నిద్రపోతున్నాడు. లేపితే "ఏమాయెరా?" అన్నాడట.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

మా ఇద్దరి చెవులు ఎక్కడ పోయాయో నాకు తెలుసు. సాంచాల ఖాతాలో పక్క మనిషి మాట వినబడేది కాదు. చేతి సైగలతో, పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్ళం. డాక్టరు చెప్పిందేమిటంటే, అట్లాంటి చప్పుడు మొదట సన్నని గొంతును వినే శక్తిని తింటుంది. బొంగురు గొంతు చాలా రోజులు వినబడుతుంది. మా బిల్డింగు అలారం సన్నగా కీచుమని మోగేది. మా అసొంటోళ్ళకు అది చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే.

తర్వాత సొసైటీ మీటింగు పెట్టారు. కాంట్రాక్టరు అవే హూటర్లు ఇంకా పెద్దవి పెడతానన్నాడు. నేను మీటింగుల్లో నోరు తెరిచేవాణ్ణి కాదు. ఆ రోజు లేచాను.

"గట్టిగ మోగితే ఏం లాభం సార్? మాకు ఇనబడే గొంతుల మోగాలె. ఎటు పోవాల్నో గూడ అదే చెప్పాలె."

ఖర్చు ఎవరు భరిస్తారని కొందరు గొణిగారు. కానీ కాంట్రాక్టరుతో వచ్చిన ఇంజినీరు పిల్లవాడు నా పక్కన కూర్చొని ఓపికగా చెప్పాడు. 520 హెర్ట్జ్ అనే తక్కువ స్థాయి మోత ఉంటుందట. చెవులు మందగించిన వాళ్ళను కూడా అది కీచు కూత కన్నా బాగా లేపుతుందట. ఇంకొకటి, దారి చూపే స్పీకరు. దాన్ని మెట్ల తలుపు మీద పెడతారు. అది కూయదు, బుస్సు బుస్సుమంటుంది.

"తాతా, ఇంట్లో కీచురాయి అరిస్తే ఎక్కడుందో దొరుకుతుందా?" అన్నాడు.

దొరకదు.

"మరి కుక్కర్ ఆవిరి బుస్సుమంటే?"

కళ్ళు మూసుకొని కూడా చెయ్యి చూపిస్తాము. బుస్సుమనే చప్పుడులో సన్నవీ లావువీ అన్ని స్వరాలు కలిసి ఉంటాయి కాబట్టి మన రెండు చెవులు దాని దిక్కు వెంటనే పట్టేస్తాయట. ఇంగ్లండులో లీడ్స్ యూనివర్సిటీలో డెబొరా వితింగ్టన్ అనే ఆమె దీని మీద పనిచేసింది. లీడ్స్ కూడా ఒకప్పుడు ఉన్ని మిల్లుల ఊరేనని విని నాకు ఏదో చుట్టరికం ఉన్నట్టు అనిపించింది.

ఒక స్పీకరు పెట్టి చూపించమన్నాము. నా తువ్వాలతో నా కళ్ళు కట్టుకున్నాను. నా దోస్తు కూడా కట్టుకున్నాడు. ఇద్దరం వరండా ఆ కొన నుంచి నడిచి ఎక్కడా ఆగకుండా మెట్ల తలుపు మీద చెయ్యి వేశాము. ఖర్చు గురించి గొణిగినవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. డబ్బు మూడు వాయిదాల్లో వేసుకున్నాము.

మాట ఏ భాషలో రావాలన్నది ఇంకో పంచాయితీ అయింది. ఇంగ్లీషు ఒక్కటి చాలన్నారు ఒకాయన. "నిద్రల లేచిన ముసలిదానికి ఇంగ్లీషు ఎట్ల తెలుస్తది?" అని నా భార్య అడిగింది. చివరికి మరాఠీ, హిందీ, తెలుగు మూడూ పెట్టారు. తెలుగు మాట మా కోడలు గొంతు: "బిల్డింగుల మంట లేచింది. లిఫ్టు ఎక్కకుండ్రి. వంగి నడువుండ్రి. బుస్సుమనే సప్పుడు దిక్కు మెట్లున్నయి."

బిగించినంక ఇంజినీరు ఇంటింటికీ వచ్చి, తలుపులు మూసి, మంచం తల దగ్గర మీటరు పెట్టి కొలిచాడు. అక్కడ 75 డెసిబెల్ రావాలన్నాడు. కొన్ని ఇళ్ళల్లో రాలేదు, ఆ వైపు ఇంకో స్పీకరు వేశాడు.

ఒక రాత్రి చెప్పకుండా మోగించారు. ఈసారి నేను నా అంతట నేనే లేచాను. నా దోస్తు లేవలేదు. ఆయన చెవులు నా కన్నా ఎక్కువ పోయాయి. అందుకే ఆయన ఇంటి రెండో తాళంచెవి ఇప్పుడు మా ఇంట్లో మేకుకు వేలాడుతుంది. అలారం మోగితే ఆయనను లేపే పని నా కొడుకుది, కొడుకు పాళీకి పోతే ఎదురింటి పిల్లగానిది.

మహారాష్ట్రలో 2006 నాటి చట్టం ప్రకారం ప్రతి జనవరిలో, జూలైలో లైసెన్సు ఉన్న ఏజెన్సీ అగ్గి సామాను బాగున్నదని సర్టిఫికెట్ ఇవ్వాలి. వాళ్ళు వచ్చినప్పుడు కింద ఆఫీసులో సంతకం పెట్టి పంపకండి. మీ ఇంట్లో సాంచాలు నడిపిన మనిషిని మంచం మీద పడుకోబెట్టి, తలుపు మూసి, అలారం మోగించమనండి. ఆ మనిషి విన్నానంటేనే సంతకం పెట్టండి.