కుట్టుకి వదిలావా?

మే నెల. మా చెల్లెలికి మామిడిపండ్లు పంపాలని నాలుగు అట్టపెట్టెలు అటక మీద దాచుకున్నాను. తీరా రసాలు సర్దుదామని చూస్తే రెండే ఉన్నాయి. మిగతా రెండూ మా చిన్నాడి గదిలో ముక్కలై పడి ఉన్నాయి. వాడు నేల మీద బోర్లా పడుకుని, స్కేలు పెట్టి అట్ట మీద గీతలు గీస్తున్నాడు.

"ఒరేయ్, పెట్టెలు కావాలంటే అడక్కూడదూ? పిన్నికి పండ్లు దేంట్లో పంపను?" అని కేకలేశాను.

"కంప్యూటర్‌కి పెట్టె చేస్తున్నానమ్మా" అన్నాడు తలెత్తకుండా.

మామూలుగా అయితే ఇంకో నాలుగు మాటలు అనేదాన్నే. కానీ ఆ మధ్య వాడు నాతో ఒక పూర్తి వాక్యం మాట్లాడి చాలా రోజులైంది. అందుకే నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను.

ఎందుకు మాట్లాడడం లేదో చెప్పాలి కదా. వాడికి చదువు అవుతుండగానే ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్ చూసి మావారు వినగడప సెంటర్‌లో అందరికీ స్వీట్లు పంచారు. ఆ తర్వాత చేరాల్సిన తేదీ వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ఇంకోసారి వెళ్ళింది. పది నెలలైంది. ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా "మీవాడు ఇంకా చేరలేదా వదినా?" అన్న ప్రశ్నే. మావారు వాడిని ఏమీ అనరు. అనకపోవడమే మాకు ఇబ్బంది. ఇద్దరూ ఒకే కంచాల బల్ల దగ్గర తిని, ఒక్క మాటా లేకుండా లేచిపోయేవారు.

సరే, ఈ పెట్టె సంగతి. కాలేజీలో చిన్న చిన్న పనులు చేసి దాచుకున్న డబ్బుతో వాడు ఒక కంప్యూటర్ కూర్చుకున్నాడు. దాని పెట్టె మా బీరువాలో ఒక అర అంత ఉంటుంది. రేపు ఉద్యోగం వచ్చి వెళ్ళాల్సి వస్తే తిరువూరులో బస్సెక్కించి ఎలా తీసుకెళ్తాడు? "లాప్‌టాప్ కొనుక్కోవచ్చు కదరా" అంటే, "దాంట్లో ఒకటి పాడైతే చాలావరకు మొత్తం మార్చాలమ్మా. దీంట్లో ఏది పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు" అన్నాడు. మిక్సీలో జారు పాడైతే జారే మారుస్తాం, మిక్సీ పారెయ్యం కదా. నాకు అర్థమైంది.

ఈ పెట్టెల సైజుని లీటర్లలో చెప్తారట! మన కుక్కర్లలాగే. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు. మామూలు పెట్టెలు నలభై లీటర్లు, ఆ పైన ఉంటాయి. ఇరవై లీటర్ల లోపు ఉంటే చిన్నవాటి కింద లెక్క. జర్మనీలో డేనియల్ హాన్సెన్ అనే ఆయన సరదాగా మొదలుపెట్టి 7.2 లీటర్ల పెట్టె ఒకటి తయారుచేశాడట. 2016లో జనం ముందుగా డబ్బులు కడితే దాన్ని తయారు చేయించి అమ్మాడట. మావాడికి ఆయనే ఆదర్శం.

అంత చిన్న పెట్టె ఎలా కుదురుతుందంటే, లోపలి సామాను కూడా చిన్న సైజుల్లో దొరుకుతుంది. అసలు బోర్డు మామూలుగా 30.5 సెంటీమీటర్ల పొడవు, 24.4 వెడల్పు ఉంటుంది. మినీ ఐటీఎక్స్ అని ఇంకో రకం ఉంది. 17కి 17, సరిగ్గా చదరం. తైవాన్‌కి చెందిన వయా అనే కంపెనీ 2001లో తెచ్చిందట. కరెంటు ఇచ్చే డబ్బా కూడా ఎస్ఎఫ్ఎక్స్ అని చిన్నది ఉంది, 12.5 సెంటీమీటర్ల వెడల్పు, 10 పొడవు, 6.35 ఎత్తు. నిజంగానే నా పోపుల డబ్బా అంతే.

మావాడు చేసిన మంచి పనేమిటంటే, సామాను మీద చెయ్యి వెయ్యకుండా ముందు ప్రతిదానికీ అదే కొలతతో అట్టముక్కలతో దిమ్మలు చేసుకున్నాడు. బోర్డుకొక దిమ్మ, కరెంటు డబ్బాకొకటి, బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డుకొకటి. వాటిని ఇటు పెట్టి, అటు పెట్టి చూసేవాడు. నేను బ్లౌజులు కుడతాను కదా, కొత్త మోడల్ వస్తే ముందు న్యూస్‌పేపర్ మీదే కత్తిరించి చూసుకుంటాను. పట్టుగుడ్డ మీద మొదటి కత్తెర వేసే ధైర్యం ఎవరికుంటుంది? "నువ్వూ నాలాగే పేపర్ కటింగ్ చేస్తున్నావురా" అంటే పది నెలల తర్వాత వాడు నవ్వాడు.

చివరికి బోర్డుని ఒకవైపు, కార్డుని ఇంకోవైపు వీపులు ఆనించినట్టు నిలబెట్టి, మధ్యలో ఒక పలక పెట్టాడు. రెండింటినీ కలపడానికి రిబ్బన్ లాంటి కేబుల్ ఒకటి ఉంటుంది. ఒకే గోడకి అటొక గది, ఇటొక గది అన్నమాట. పొడవు 32, ఎత్తు 21, మందం 12 సెంటీమీటర్లు. ఎనిమిది లీటర్లకి కాస్త ఎక్కువ. మా పెద్ద కుక్కర్ పది లీటర్లు!

అట్ట తర్వాత సన్‌బోర్డు. ఫ్లెక్సీలు వేసే షాపుల్లో పేర్లు అతికించడానికి వాడతారు చూడండి, ఆ తెల్ల షీటు. కట్టర్‌తో కోస్తే తెగుతుంది. ఈసారి దిమ్మలు కాకుండా నిజం సామానే అందులో అమర్చి చూశాడు, కరెంటు మాత్రం ఇవ్వకుండా. అప్పుడు తెలిసింది, సామాను పట్టింది కానీ వైర్లు పట్టలేదని. సూట్‌కేసు సర్దేటప్పుడు చీరలన్నీ పట్టి, చివర్లో చెప్పులు మిగిలినట్టు. ఇంకో తప్పు నేను పట్టుకున్నాను. "లోపల ఆ మూల స్క్రూ బిగించడానికి చెయ్యి ఎలా పెడతావురా?" అన్నాను. వాడు గీసింది చూసుకున్నాడు కానీ, బిగించే చెయ్యిని లెక్కలోకి తీసుకోలేదు. సన్‌బోర్డువి మూడు చేశాడు. మూడోది బాగుంది.

అప్పుడే వాడి డ్రాయింగ్ చూస్తూ అడిగాను. "కుట్టుకి వదిలావా?"

"ఇది రేకు అమ్మా, గుడ్డ కాదు" అని నవ్వేశాడు. నాకేం తెలుసని నేనూ ఊరుకున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు కోయించి, మడత పెట్టించుకొచ్చాడు. మూడున్నర వేలైంది. వాడి దగ్గర ఉన్న డబ్బు దాదాపు అంతే. కట్టలేరు పొంగుతుందేమోనని భయపడుతూ వానలో ఇంటికొచ్చాడు. తల కూడా తుడుచుకోకుండా అమర్చడం మొదలుపెట్టాడు. మధ్యపలక లోపలికి దిగలేదు. మూడు మిల్లీమీటర్లు తక్కువ.

వాడు లోపల కావాల్సిన కొలత రాసిచ్చాడు. రేకు మడిచేవాళ్ళు దాన్ని బయటి కొలతగా తీసుకున్నారు. అటు గోడ మందం 1.5, ఇటు గోడ మందం 1.5. లోపల మూడు పోయింది. వాళ్ళ తప్పేమీ లేదు, ఏది లోపలి కొలతో, ఏది బయటి కొలతో కాగితం మీద రాయలేదు. సన్‌బోర్డుకైతే పలకలు అతికించాడు కాబట్టి మడత అన్న ప్రశ్నే రాలేదు.

ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. తలుపేసుకున్నాడు. మావారు వరండాలో కూర్చుని "మూడున్నర వేలు" అని ఒకే ఒక్క మాట అన్నారు. గదిలోకి వినపడింది.

"చెప్పానా, కుట్టుకి వదలమని" అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అమ్మలందరికీ వస్తుంది కదా. అనలేదు. బీరువా అడుగు నుంచి ఒక మూట తీసి పట్టుకెళ్ళాను. నేను పాడుచేసిన గుడ్డలు అవి. పెళ్ళయిన కొత్తలో మా ఆడపడుచు పట్టు బ్లౌజు చంక దగ్గర కుట్టుకి వదలకుండా కోసేశాను. అత్తయ్యగారు నన్నేమీ అనలేదు. కొత్త గుడ్డ కొనిచ్చి, "ఆ పాతది పారెయ్యకు, దాచుకో" అన్నారు. ఇరవై ఆరేళ్ళుగా దాచాను. ఎవరికీ చూపించలేదు.

వాడు ఆ ముక్క చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత పెట్టె గురించి మాట్లాడలేదు. "ఆ ఉద్యోగం ఇక రాదేమో అమ్మా. నాన్న స్వీట్లు పంచారు" అన్నాడు. ఇన్నాళ్ళూ వాడి గొంతులో అడ్డం పడ్డది ఉద్యోగం కాదు, ఆ స్వీట్లు. నాకేం చెప్పాలో తెలియలేదు. తల నిమిరి, అక్కడే పడుకున్నాను.

రెండో రేకుకి డబ్బు నా కుట్టు డబ్బుల్లోంచి ఇచ్చాను. ఈసారి కాగితం మీద ప్రతి కొలత పక్కనా లోపల, బయట అని తెలుగులో రాశాడు. మధ్యపలక ఎలా దిగిందంటారు? అగ్గిపెట్టెలోకి అర దిగినట్టు దిగింది!

సంబరం అయిందనుకుంటే వేడి మొదలైంది. కాసేపు పని చేయించగానే లోపలి చిప్పు 95 డిగ్రీలకి పోయి, దాని వేగం అదే తగ్గించేసుకునేది. కాలిపోకుండా అలా చేస్తుందట. పక్క రేకుకి చిల్లులున్నాయి, ఫ్యానుంది, మరి ఎందుకు? నాకు మా వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను గుర్తొచ్చింది. దాని పక్కనే కిటికీ తెరిచి ఉంటే అది కిటికీ గాలినే లాగి బయటికి తోస్తుంది, పొయ్యి మీది పొగ ఇంట్లోనే ఉంటుంది. అదే చెప్పాను. వాడు చూస్తే ఫ్యానుకీ చిల్లుల రేకుకీ మధ్య వేలెడు ఖాళీ ఉంది. ఫ్యాను బయటి చల్లగాలి బదులు లోపలి వేడిగాలినే తిప్పి తిప్పి పీలుస్తోంది. తలుపుల సందులకి అతికించే ఫోమ్ పట్టీ తెచ్చి ఫ్యాను చుట్టూ గోడలా కట్టాడు. 82కి దిగింది.

మా ఊళ్ళో దుమ్ము సంగతి తెలిసిందే, ఇక మిరపకాయల కాలంలో చెప్పక్కర్లేదు. పాత దోమతెర ముక్కకి అంచు కుట్టి, నాలుగు మూలలా చిన్న స్టీలు రేకుముక్కలు పెట్టి కుట్టాను. లోపలివైపు అయస్కాంతాలు అతికించాడు. పైనుంచి పెడితే అంటుకుంటుంది. లాగి, దులిపి, మళ్ళీ పెట్టుకోవడమే. అల్యూమినియానికి అయస్కాంతం అంటుకోదని అప్పుడే తెలుసుకున్నాను!

ఇక ఆఖరిది. పెట్టె తుడుస్తుంటే నా చేతికి జిల్లుమంది. మావాడు ముట్టుకున్నా అంతే. ఆ కరెంటు డబ్బాలో కొద్దిపాటి లీకేజీ మామూలేనట. అది ప్లగ్గులో లావుగా ఉండే మూడో పిన్ను దారిన భూమిలోకి పోవాలి. మా ఇంట్లో గోడకి మూడో కన్నమైతే ఉంది, దాని వెనక తీగే లేదు! పాత ప్లాస్టిక్ ముందుభాగం పెట్టెలో ఎప్పుడూ తెలియలేదు, మొత్తం రేకయ్యేసరికి బయటపడింది. మీ ఇంట్లో కూడా ఫ్రిజ్జో, గ్రైండరో ముట్టుకుంటే జిల్లుమంటుంటే చెప్పులేసుకుని సర్దుకోకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగు చూపించండి.

ఈ మాట మావారి చెవిన పడింది. "నీకూ కొట్టిందా?" అని వాడిని అడిగారు. మర్నాడు పొద్దున్నే పలుగు, పార పట్టుకుని పెరట్లో గొయ్యి మొదలుపెట్టారు. కాసేపటికి వీడూ వెళ్ళి మట్టి ఎత్తాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయించి, తీగ లాగి, మీటరు పెట్టి చూసి బాగుందన్నాడు. నేను కాఫీ తీసుకెళ్ళేసరికి ఇద్దరూ గట్టు మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. "వేసంకాలం దీంట్లో నీళ్ళు పొయ్యాలిరా, మర్చిపోతే పనిచెయ్యదు" అంటున్నారు మావారు. వాడు "పోస్తాలే నాన్నా" అంటున్నాడు. నేను కప్పులు అక్కడ పెట్టి లోపలికొచ్చేశాను.

దసరా వెళ్ళాక హైదరాబాద్‌లో చేరమని కబురొచ్చింది. ఈసారి స్వీట్లు ఎవరికీ పంచలేదు, ఇంట్లో మాత్రం కొబ్బరి లౌజు చేశాను. పెట్టెని రెండు టవళ్ళలో చుట్టి బ్యాగులో పెట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు. అక్కడ రాయదుర్గం దగ్గర టీ-వర్క్స్ అని, తెలంగాణ ప్రభుత్వం 2023లో తెరిచిన చోటు ఉందట. ఇలాంటి నమూనాలు చేసుకోవడానికి మిషన్లన్నీ ఉంటాయట. ఆరు లీటర్లలో ఇంకోటి చేస్తానంటున్నాడు. మొదటి అట్టపెట్టె మాత్రం నా దగ్గరే ఉంది. ఆ పట్టు గుడ్డముక్కతో పాటు మూటలో పెట్టాను.

చేరిన రోజు రాత్రి ఫోన్ చేశాడు. అన్నం తిన్నావా, రూము ఎలా ఉంది అని నేను మొదలుపెట్టేలోపే, "అమ్మా, ఇక్కడ ప్లగ్గుకి ఎర్తింగు ఉందో లేదో ఎలా చూడాలి?" అన్నాడు.

"ఉండు, నాన్నకిస్తున్నా" అన్నాను.