ఇచ్చువాడెవరు? పుచ్చుకొనువాడెవరు?

ఇరువది యేండ్ల క్రిందట మేము పొరుగున నున్న ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండగా, ఒకనాడు ఒక అధ్యాపకుని కడకేగి, ‘ప్లీజ్ బారో మీ యువర్ బుక్’ అంటిమి. తరగతి యంతయు గొల్లుమన్నది. ఆ యేడు మరల మేమెవరిని పుస్తక మడుగలేదు.

ఈ సంవత్సరము మా హోసూరు ప్రాంతపు పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలిక స్నేహితురాలికి వ్రాసిన లేఖలో అదే వాక్యము కనబడినది. తండ్రి ఆ నోటుపుస్తకమును మా ముందుంచి, “అయ్యవారూ, తెలుగులో చదివించినందువల్లనే కదా ఈ తప్పు! పిల్లను ఇంగ్లీషు మీడియములో వేసేస్తాను” అనెను.

తప్పు పుట్టినచోటు ఆయనకు చూపితిమి. తెలుగున ‘అప్పు’ ఒక్కటే మాట. ఇచ్చుటయో, పుచ్చుకొనుటయో వెనుక వచ్చు క్రియ తెలుపును. తమిళమున ‘కడన్’ అను మాట నడకయు నిదియే. ఆంగ్లమున నట్లు గాదు. అందు క్రియలే వేరు. ‘లెండ్’ ఇచ్చువాని పని. భూతకాలమున అది ‘లెంట్’ అగును. ‘బారో’ పుచ్చుకొనువాని పని. ఎవరినుండి పుచ్చుకొనునో వారి పేరునకు ముందు ‘ఫ్రమ్’ చేరును. ప్రాచీనాంగ్లమున ఈ ‘బారో’కు మూలమైన పదమునకు పూచీ, తాకట్టు అని యర్థము.

అయితే తెలుగు చేయు భేద మొకటి ఆంగ్లమున లేదు. వాడుకొని, అంత సొమ్ము వేరుగా తీర్చునది అప్పు. తెచ్చిన వస్తువునే తిరిగి ఇయ్యవలసినది ఎరువు. తమిళులు దీనిని ‘ఇరవల్’ అందురు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అని మన పెద్దలనలేదా! ఆంగ్లేయుడు రెంటికిని ‘బారో’ అనియే యనును.

పిమ్మట బాలికను పిలిచి, “అమ్మా, నీ వాక్యములో పుస్తకము ఎరువిచ్చునది ఎవరు?” అని యడిగితిమి.

“స్నేహితురాలు, అయ్యా.”

“పుచ్చుకొనునది?”

“నేను.” ఒక్క క్షణ మాలోచించి, తానే ‘బారో’ కొట్టివేసి ‘లెండ్’ అని వ్రాసెను.

తండ్రి ఏమియు ననక వెడలిపోయెను. బాలిక ఇప్పటికిని మా తరగతిలోనే యున్నది.

తల్లిదండ్రులారా, ఆ తప్పు తెలుగువలన వచ్చినది నిజమే. దానిని దిద్దినదియు తెలుగే. నాడు మమ్ము జూచి నవ్వినవారిలో ఒక్కరైనను ఈ రెండు ప్రశ్నలు అడిగియుండినచో, ఆ యేడు మేము మరి నాలుగు పుస్తకములు చదివియుందుము.