హాల్ టికెట్‌లో పట్టని పేరు

సంక్రాంతి గాలిపటాల దారాలు కరెంటు తీగలకు ఇంకా వేలాడుతుండగానే సూరత్ బళ్లలో 'విదాయ్ సమారంభ్'లు మొదలవుతాయి. గుజరాత్ బోర్డు పరీక్షలు ఫిబ్రవరి ఆఖరునో మార్చిలోనో ఉంటాయి కాబట్టి పది, పన్నెండు తరగతుల పిల్లలకు వీడ్కోళ్లు అంతకుముందే అయిపోవాలి. ఆ రోజు వేదిక పక్కన ఒక అట్టపెట్టె ఉంటుంది, పైన చిన్న చీలికతో. పిల్లలు వారం ముందునుంచీ అందులో చీటీలు వేస్తుంటారు. ఎవరిమీద రాశారో వాళ్ల పేరు చీటీలో ఉంటుంది, రాసినవాళ్ల పేరు ఉండదు. నోరున్న కుర్రాడొకడు ఒక్కొక్కటే తీసి మైకులో చదువుతాడు. పేరు పడ్డవాడు లేచి నిలబడి, నవ్వు రాకపోయినా నవ్వాలి.

దీన్ని ఫిష్‌పాండ్ అంటారు. గుజరాత్‌లోనూ మహారాష్ట్రలోనూ చదువుకున్నవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. తెలుగునాట కాలేజీల ఫేర్‌వెల్‌లో భుజానికి రిబ్బను వేసి 'టైటిళ్లు' ఇవ్వడం దీనికి దగ్గర చుట్టం. కాకపోతే టైటిల్ ఇచ్చినవాడెవడో తెలుస్తుంది, ఫిష్‌పాండ్‌లో గాలం వేసినవాడు దొరకడు. అదీకాక ఊరు సూరత్. సరదా కబుర్లలోనూ తిట్లు దొర్లించడంలో సూరతీలకు గుజరాత్ అంతటా పేరుంది. అందుకని పెట్టెను ముందు 'బెన్' ఇంటికి పట్టుకెళ్తుంది. ఇక్కడ పంతులమ్మను పిల్లలు పిలిచే పిలుపు అదే. సగం చీటీలు ఆమె దగ్గరే ఆగిపోతాయి. ఆగిపోయినవే మంచివని పిల్లలు తర్వాత చెప్పుకుంటారు.

ఈ కాలమ్ రాసే తండ్రి తెలంగాణ మనిషి. పాస్‌పోర్టు లేని ప్రవాసం ఆయనది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో సూరత్‌లో ఎక్కితే వరంగల్‌లో దిగేసరికి దాదాపు రోజంతా గడుస్తుంది. కొడుకు పదో తరగతి వీడ్కోలు సభలో ఆయన వెనక వరుసలో కూర్చున్నాడు. గుజరాతీ వ్యాపారానికి సరిపడా వచ్చు, హాస్యానికి సరిపడా రాదు. హాలంతా నవ్వుతుంటే పక్కవాళ్ల ముఖాలు చూసి తనూ నవ్వుతున్నాడు. మొదటి నాలుగైదు చీటీలు అలాగే గట్టెక్కాయి. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడి ఆత్మకథ మూడో పీరియడ్‌లో మొదలవుతుందన్నారు. అడిగినవాళ్లందరికీ పెన్నులిచ్చే అమ్మాయి 2040లో వాటి వసూలుకు కోర్టుకెక్కుతుందన్నారు. వెనక బెంచీలో నిద్రపోయేవాడు డైమండ్ బోర్స్‌లో ఆఫీసు తీసుకుంటాడని, అక్కడైతే లేపేవాళ్లుండరని మరో చీటీ.

దీనికి కాస్త వివరం కావాలి. ఖజోద్‌లో సూరత్ డైమండ్ బోర్స్‌ను 2023 డిసెంబరు 17న ప్రధాని ప్రారంభించారు. వైశాల్యంలో అమెరికా పెంటగాన్‌ను మించిన భవనం, నాలుగు వేలకు పైగా ఆఫీసులు. వజ్రాల వ్యాపారులు ముంబయి వదిలి రావడానికి మాత్రం తటపటాయించారు. ప్రారంభోత్సవమైన చాలాకాలానికి కూడా అంతస్తులకు అంతస్తులు తాళాలతో ఉన్నాయి. ఊళ్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతిని పదిహేనేళ్ల పిల్లవాడు మైకులో అనేశాడు.

తర్వాత కొడుకు పేరు వచ్చింది. చదివేవాడు ఆ పేరు పలకడానికే రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. గుజరాత్ మార్కుల జాబితాల్లో ఇంటిపేరు ముందుంటుంది, తర్వాత పిల్లవాడి పేరు, ఆ వెనక తండ్రి పేరు. ఇంటిపేరు ముందుండటం మనకు అలవాటైనదే, ఆ తోకే కొత్త. తాత పేరు పెట్టుకున్న తండ్రి, దేవుడి పేరు పెట్టుకున్న కొడుకు ఒకే వరసలో నిలబడితే గడులు చాలవు. చీటీ సారాంశం ఇది: ఇతను హాల్ టికెట్ మీది పేరంతా జవాబు పత్రంలో ఎక్కించేసరికి మొదటి గంట కొడతారు, అందులో సగం నేరం వాళ్ల నాన్నది. హాలు నవ్వింది. తండ్రి కూడా నవ్వాడు, అందరికంటే కొంచెం ఆలస్యంగా, ఒక్కడే, గట్టిగా. కొడుకు తల దించుకున్నాడు.

సూరత్‌లో తెలుగు పిల్లల మీద పడే చీటీలను ఏరితే ఒక చిన్న చరిత్రే తయారవుతుంది. ఒకప్పుడు వాళ్లంతా 'మద్రాసీ'లు. ఇడ్లీ, సాంబారు, 'అన్నా'... అంతకు మించి ఎవరికీ ఏమీ తట్టేది కాదు. 2015లో 'బాహుబలి' వచ్చాక కాస్త ఒళ్లున్న ప్రతి తెలుగు కుర్రాడూ బాహుబలి అయ్యాడు. 2021 తర్వాత అందరూ పుష్పలే. ఎవరికీ తగ్గని ఈ పుష్ప లెక్కల పేపరు ముందు మాత్రం గడ్డం కిందనుంచి చెయ్యి తీసేస్తాడని చీటీ. ఆడపిల్లల మీద వచ్చేవి ఇంకొంచెం నాజూకు. నవరాత్రుల్లో ఊరంతా గర్బా ఆడుతుంటే లింబాయత్ వైపు తెలుగిళ్లలో బతుకమ్మ పేరుస్తారు. రెండింటిలోనూ వలయంగా తిరగడమే. అలాంటి ఇంటి అమ్మాయి గర్బా మధ్యలో ఆగి పూలెక్కడున్నాయని వెతుకుతుందని ఒకరు రాశారు. రాసినవాళ్లు బతుకమ్మ చూసి ఉండాలి. చూడనివాళ్లకు ఆ మాట తట్టదు. వేళాకోళం ఆడాలన్నా కొంత పరిచయం ఉండాలి కదా.

ఈ పిల్లల్లో చాలామంది తాతలు సాంచెల మీద పని చేయడానికి వచ్చినవాళ్లు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. గుజరాతీలో సాంచో అంటే యంత్రం. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల పద్మశాలీలు ఈ ఊళ్లో దిగినప్పుడు వాళ్లకు అర్థమైన మొదటి గుజరాతీ మాట ఇదే అయి ఉంటుంది. నగరపాలక సంస్థ వాళ్ల పిల్లల కోసం తెలుగు మాధ్యమం ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు... ఒక్క మునిసిపాలిటీ ఏడు భాషల్లో బడులు పెట్టడం దేశంలో తరచుగా కనిపించే సంగతి కాదు. అయినా పెద్ద తరగతులకు వచ్చేసరికి చాలామంది గుజరాతీలోకో ఇంగ్లీషులోకో మారతారు. ఫిష్‌పాండ్ పడేది సరిగ్గా అప్పుడే. కాబట్టి తెలుగు పిల్లవాడి మీద తెలుగులో రాసిన చీటీ ఆ పెట్టెలో దొరకడం అరుదు.

చీటీల్లోలా భవిష్యత్తు చెప్పే ఆట ఈ ఊరికి కొత్తేమీ కాదు. ఇక్కడి ఇంటిపేర్లే సగం జోస్యాలు. జరీవాలా, రేశంవాలా, కింఖాబ్‌వాలా... పుట్టగానే వృత్తి రాసేసినట్టుంటాయి. అయితే 1938లో సూరత్‌లో పుట్టిన హరిహర్ జెఠాలాల్ జరీవాలా జరీ జోలికి పోకుండా సంజీవ్ కుమార్ అయ్యాడు. ఈ కాలం పిల్లలు ఒకరికొకరు కొత్త ఇంటిపేర్లు పెట్టుకుంటారు. ఫోను వదలనివాడు రీల్‌వాలా, కెనడా మాట తప్ప మరో మాట లేనివాడు వీసావాలా. తెలుగు పిల్లలకు మాత్రం ఒకటే పేరు సిద్ధంగా ఉంటుంది: సాఫ్ట్‌వేర్‌వాలా. తెలుగువాడు పుట్టేదే హైదరాబాద్ మీదుగా అమెరికా వెళ్లడానికని సూరతీల గట్టి నమ్మకం. ఇంట్లో తండ్రి మరమగ్గాల కార్ఖానాలో రాత్రి షిఫ్టు చేస్తున్నా, అమ్మ కండెలు చుడుతున్నా ఆ నమ్మకం చెదరదు. పిల్లవాడు కామర్స్ తీసుకుంటానంటే తోటివాళ్లే ఆశ్చర్యపోతారు.

ఆ అమెరికా ప్రయాణాల్లో అందరికంటే పేరున్నవాడిని తీసుకున్నా జోస్యం నిలవదు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివే రోజుల్లో తన కల హైదరాబాద్ తరఫున క్రికెట్ ఆడి, ఆ తర్వాత బ్యాంకులో ఉద్యోగం చేసుకోవడమేనని సత్య నాదెళ్ల 2017లో వచ్చిన తన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో చెప్పుకున్నాడు. ఐఐటీ ప్రవేశ పరీక్ష తప్పి మణిపాల్ వెళ్లాడు. ఆ క్లాసు పెట్టెలో 'ఇతను మైక్రోసాఫ్ట్‌కు అధిపతి అవుతాడు' అని ఎవరైనా చీటీ వేసుంటే వేళాకోళం మరీ మితిమీరిందని మాస్టారు చింపేసేవారు.

ఊళ్ల సంగతీ అంతే. 1994 సెప్టెంబరులో ప్లేగు భయానికి లక్షలమంది రైళ్లెక్కి సూరత్ ఖాళీ చేశారు. ఆ సంవత్సరం పదో తరగతి పిల్లలు ఊరి మీద చీటీలు రాసి ఉంటే అవి చదవదగ్గవిగా ఉండేవి కావు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చినాయన సూర్యదేవర రామచంద్రరావు. ఇక్కడివాళ్లకు ఎస్.ఆర్.రావు. ఆఫీసర్లను పొద్దున్నే వీధుల్లోకి తరిమి చెత్త ఎత్తించాడు, పెద్దవాళ్ల అక్రమ కట్టడాలను కూడా వదలకుండా కూలగొట్టించాడు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానం పంచుకుంది. తెలుగు పిల్లల మీద చీటీ రాసేవాళ్లకు ఈ రావు పేరొక్కటి ఇంకా తట్టినట్టు లేదు.

ఇలాంటి వీడ్కోళ్లు చాలాచోట్ల ఉన్నాయి. నార్వేలో చదువు ముగించే పిల్లలు ఫొటోతో, ఒక కొంటె వాక్యంతో చిన్న కార్డులు అచ్చు వేయించుకుని మే 17న వచ్చే వాళ్ల జాతీయ దినం దాకా పంచుతారు. చిన్నపిల్లలు వాటిని పోగుచేసుకుంటారు. అమెరికా ఇయర్‌బుక్కుల్లో ఎవరు గొప్పవాళ్లవుతారో ఓట్లు వేసి తేలుస్తారు. అక్కడ మన పిల్లలకు ఏ ఓటు పడుతుందో ఊహించడం కష్టమేం కాదు. ఆ కార్డులూ పుస్తకాలూ అచ్చులో మిగులుతాయి. ఫిష్‌పాండ్ చీటీలు మాత్రం సభ కాగానే కుర్చీల కింద చెత్తలో కలుస్తాయి.

సభ తర్వాత లోచో తినిపించారు. ఖమణ్ చేయబోతే పిండి కుదరక చెదిరిందట, దాన్నే అమ్మేశారట. గుజరాతీలో లోచో అంటే గందరగోళం. సూరత్‌కు పేరు తెచ్చిన ఫలహారం కథ ఇదని ఊరంతా చెబుతుంది. కొడుకు ప్లేటు పట్టుకుని వచ్చి, "నాన్నా, నువ్వెందుకంత గట్టిగా నవ్వావు?" అన్నాడు. "నా పేరు కదరా" అన్నాడు తండ్రి.

రాత్రి ఇంట్లో తల్లి ఆ చీటీ ఏమిటో చెప్పమంది. కొడుకు గుజరాతీలో గడగడా అప్పజెప్పాడు. తెలుగులో చెప్పమంటే ఆగిపోయాడు. గుజరాతీలో ఉన్న ప్రాస తెలుగులో రాలేదు, 'జవాబు పత్రం' అనే మాట నోటికి రాలేదు. పావుగంట తంటాలు పడి, చేతులు తిప్పి, మధ్యలో చెల్లెలు సాయం పట్టి మొత్తానికి చెప్పాడు. తల్లి నవ్వింది, వాళ్ల నాన్న పేరే అంత అని.

సూరత్‌లోనో, భివండీలోనో, షోలాపూర్‌లోనో ఉన్న తెలుగు అమ్మానాన్నలకు ఒక మనవి. వచ్చే ఫిబ్రవరిలో మీ పిల్లల మీద ఏ చీటీ పడిందో అడగండి. దాన్ని వాళ్లచేతే తెలుగులో చెప్పించుకోండి. ప్రాస పోతే పోనివ్వండి.