‘ఫోన్ చేస్తం’ అన్న తరువాత

సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట పరిసరాల నుండి గల్ఫ్ దేశాలకు పోదలచిన తాపీ మేస్త్రీకి హైదరాబాదులో జరిగే ఇంటర్వ్యూ కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది గాని, దాని వలన కలిగిన నిరాశ ఇంటిల్లిపాదినీ నెలల తరబడి వదలదు. విదేశీ కంపెనీ తరఫున పనివారిని ఎంపిక చేసే ఏజెంటు ముందుగా చూసేది పాస్‌పోర్టును. పదో తరగతి దాటనివారిది సాధారణంగా ‘ఈసీఆర్’ పాస్‌పోర్టు, అనగా గల్ఫ్ వంటి కొన్ని దేశాలకు కొలువుకై పోవడానికి ప్రభుత్వ వలస అనుమతి తప్పనిసరి అయినది. ఆ తరువాత ‘ట్రేడ్ టెస్టు’, అంటే చేతిపని పరీక్ష, పేరిట నాలుగు వరుసల ఇటుక కట్టించి చూస్తారు. ఇరవై ఏండ్లు తాపీ పట్టిన చేతిని అంత తక్కువ సేపట్లో కొలవడం కష్టమే అయినా ఆ పరీక్షలో కొంత న్యాయమున్నది, ఎందుకంటే అక్కడ మేస్త్రీ తరఫున అతని పనే మాట్లాడుతుంది.

అన్యాయం మాటల దగ్గర మొదలవుతుంది. మూలవేతనమెంత, ఓవర్‌టైం లెక్క ఎట్లా, గదీ తిండీ ఎవరు చూస్తారు అని అడిగినవానికి ‘అక్కడికి పోయినంక తెలుస్తది’ అన్న జవాబే దొరికితే, దానిని ఇంటర్వ్యూ అనడం తగదు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం నమోదు పత్రం ఉన్న ఏజెంటే ఈ పని చేయాలి; అతడు తీసుకోదగిన సేవా రుసుముకు నిబంధనలు 30,000 రూపాయలు, దానిపై పన్ను అని హద్దు పెట్టాయి. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంటు, అంటే నమోదు లేకుండానే మనుషులను పట్నానికి చేర్చే మధ్యవర్తి, ఈ చట్టానికి వెలుపలివాడు. అయితే మేస్త్రీకి తెలిసిన ముఖం అతనిదే, ఒక్కోసారి చుట్టమే, కనుక గట్టిగా అడగడానికి నోరు రాదు. అతడు చూపే ‘ఆజాద్ వీసా’, అనగా కఫీలు అనే పూచీదారు పేరు కాగితం మీద మాత్రమే ఉండి పనిని వేరే చోట వెతుక్కోవలసిన వీసా, స్వేచ్ఛలా వినిపించినా, పట్టుబడితే ఆ దేశపు చట్టం ముందు దోషిగా నిలబడేది కూలివాడే.

వీటన్నిటికన్న బాధించేది ‘ఫోన్ చేస్తం’ అన్న మాట తరువాతి మౌనం. ఎంపిక కాలేదని ఆ సాయంత్రమే చెప్పినట్లయితే మేస్త్రీ మర్నాడే సిద్దిపేటలో ఏదో ఒక ఇంటి పనికి ఒప్పుకునేవాడు; చెప్పనందున అతడు వచ్చిన పనులు వదులుకుంటాడు, పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరే ఉండిపోతే మరో ఇంటర్వ్యూకూ పోలేడు, గల్ఫ్ ప్రయాణానికని తెచ్చిన అప్పుకు మాత్రం మిత్తి నెలనెలా పెరుగుతూనే ఉంటుంది. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అనీ, దానిని తిరిగి అడగడం ఏజెంటును బతిమాలుకోవడం కాదనీ ఆ గదిలో అతనికి చెప్పేవారెవరూ ఉండరు.