పిడికెడు విత్తనం, చాలినంత గాలి

కర్నూలులో మా మదరసాకు వచ్చే పెద్దలలో చక్కెర వ్యాధిగ్రస్తులు చాలామంది ఉన్నారు. వారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "హజ్రత్, ఇన్సులిన్ సూదిమందు పంది నుండి తీస్తారట, నిజమేనా?"

ఒకప్పటి మాటగా అది నిజమే. 1921లో కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్న తరువాత దశాబ్దాల పాటు దానిని పశువుల, పందుల క్లోమాల నుండే సేకరించేవారు. 1978లో అమెరికా శాస్త్రవేత్తలు మానవ ఇన్సులిన్ జన్యువును ఇ. కోలై అనే బాక్టీరియాలో ప్రవేశపెట్టి, దానిచేతనే ఇన్సులిన్ తయారు చేయించారు. 1982లో ఆ మందుకు అక్కడ అనుమతి లభించింది. నేడు మన మందుల దుకాణాలలో దొరికే మానవ ఇన్సులిన్ బాక్టీరియాలోనో, ఈస్ట్‌లోనో తయారైనది.

ఆ జన్యువును బాక్టీరియాలోనికి మోసుకుపోయే వాహనం పేరు ప్లాస్మిడ్. అది కణంలోని ప్రధాన డి.ఎన్.ఎ.తో సంబంధం లేకుండా తన ప్రతులను తానే పెంచుకొనే చిన్న డి.ఎన్.ఎ. వలయం. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ హెపటైటిస్-బి టీకాను ఈస్ట్ ద్వారా తయారు చేసి, దిగుమతి టీకా కంటే ఎంతో తక్కువ ధరకు అందించింది. ఈస్ట్‌లోనికి జన్యువును పంపవలసినా సాధారణంగా దానిని ముందు బాక్టీరియాలో ప్లాస్మిడ్‌గానే పెంచుతారు. 2021లో మన దేశంలో అనుమతి పొందిన జైకోవ్-డి కరోనా టీకాలోనైతే ప్లాస్మిడే మందు.

ఈ సంగతులు నాకు వివరించినది కడపలో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చదువుతున్న మా అమ్మాయి. ప్రాజెక్టు నివేదిక సమర్పించడానికి మూడు వారాలే మిగిలి ఉండగా, ఆమెకు ప్లాస్మిడ్ చాలినంత రాలేదు. "అబ్బా, ఫ్లాస్కు నిండా బాక్టీరియా ఉంది, లోపల సరుకు లేదు" అని ఫోనులో కంటతడి పెట్టింది. చదువు మానేస్తానని కూడా అన్నది.

కారణం ఆమే వెదికి పట్టుకొన్నది. ప్లాస్మిడ్‌ను మోయడం బాక్టీరియాకు భారం. అందుకే దానిలో యాంపిసిలిన్ మందును తట్టుకొనే జన్యువును కూడా చేర్చి, పెంచే ద్రావణంలో ఆ మందు కలుపుతారు. అప్పుడు ప్లాస్మిడ్ ఉన్న కణమే బ్రతుకుతుంది. అయితే ఆ కణాలు విడుదల చేసే ఎంజైమ్ క్రమంగా మందునే విరిచేస్తుంది. పెంపకం ఎక్కువసేపు సాగితే మందు నశించి, ప్లాస్మిడ్ లేని కణాలు చేలో కలుపు మొక్కల వలె పెరుగుతాయి. కణాల సంఖ్య పెరిగినా ప్లాస్మిడ్ తగ్గేది అందువల్లనే.

ఆమె పాత పెంపకాన్ని పారబోసింది. తాజా పళ్లెం నుండి ఒకే కాలనీని తీసుకొని, క్రొత్తగా మందు కలిపిన ద్రావణంలో వేసింది. ఫ్లాస్కును అయిదో వంతు మాత్రమే నింపి, గాలి బాగా ఆడేటట్లు 37 డిగ్రీల వద్ద ఊపుతూ పెంచింది. 16 గంటలు దాటకముందే కణాలను సేకరించింది. కణాలను క్షార ద్రావణంతో పగలగొట్టేటప్పుడు 5 నిమిషాలకు మించనివ్వలేదు. గట్టిగా కుదిపితే ప్రధాన డి.ఎన్.ఎ. ముక్కలై ప్లాస్మిడ్‌లో కలిసిపోతుందని, గొట్టాన్ని మెల్లగా తలక్రిందులు చేస్తూ కలిపింది. ఒక్కో గొట్టంలో కణాలను కూడా మితంగానే తీసుకొన్నది. ఎక్కువైతే అవి పూర్తిగా పగలవు, దిగుబడి పడిపోతుంది.

మా రాయలసీమ మెట్టరైతుకు ఈ లెక్క తెలుసు. ఒత్తుగా విత్తినవానికి వేరుశనగ మొక్కలు నిండుగా కనిపిస్తాయి గాని, కాయలు నిండవు.

నాలుగవ రోజున ఆమె పంపిన ఫోటోలో, జెల్‌పై ప్లాస్మిడ్ గీత స్పష్టంగా వెలుగుతున్నది. నివేదిక గడువులోపలే చేరింది.

మన ఆడపిల్లలు ఇటువంటి చదువులకు వెళ్లినపుడు మార్కులెన్ని అని మాత్రమే అడుగుతుంటాము. ఈ రోజు నీ చేతితో ఏమి చేశావమ్మా అని కూడా అడుగుదాము. ప్రయోగం కుదరని రాత్రి వారు ఇంటికి ఫోను చేయగలగాలి. మనకు ఆ శాస్త్రం తెలియనవసరం లేదు. చివరివరకు వినే ఓపిక ఉంటే చాలు.