బాగా తింటోందండీ!

"బాగా తింటోందండీ, ఒళ్లు కూడా చేసింది. నీళ్లే ఎక్కువ తాగుతోంది." పోలవరంలో నా దగ్గరికి కుక్కను తెచ్చేవాళ్లు ఈ మాట కాస్త సంతోషంగానే చెబుతారు. తినే జీవానికి జబ్బేముంటుందని వాళ్ల ధీమా. ఆ మాట వినగానే నా చెయ్యి కుక్క పొట్ట మీదికి పోతుంది.

పునరావాస కాలనీ నుంచి ఒక పెద్దావిడ తన పొమేరియన్‌ను తెచ్చారు. పొట్ట కిందికి జారింది. తొడల్లో కండ లేదు. రెండు పక్కలా ఒకే తీరుగా బొచ్చు రాలి, తలకీ కాళ్లకీ మాత్రం మిగిలింది. పొట్ట దగ్గర చర్మం ఎంత పల్చబడిందంటే లోపలి రక్తనాళాలు కనబడుతున్నాయి. రాత్రుళ్లు రొప్పుతోందట.

"మందులేమైనా వాడారా అమ్మా?"

"దురదకి షాపులో ఇచ్చిన చిన్న మాత్రేనండీ. వేస్తే గోక్కోదు, ఆపితే మళ్లీ మొదలు. అందుకని వేస్తూనే ఉన్నాను."

అది ప్రెడ్నిసలోన్, స్టెరాయిడ్.

కిడ్నీల పక్కనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. స్టెరాయిడ్ మాత్ర ఒంట్లో చేసేదీ కార్టిసాల్ పనే. అది మోతాదు మించి నెలల తరబడి ఒంట్లో ఉంటే కండను కరిగిస్తుంది, పొట్ట గోడను వదులు చేస్తుంది, కాలేయాన్ని ఉబ్బిస్తుంది, కొవ్వును కడుపులోకి చేరుస్తుంది. ఇంట్లోవాళ్లు చూసి మురిసిన లావు ఇదే. మూత్రంలో నీరు ఎక్కువగా పోకుండా ఆపే హార్మోన్ పని సాగక కుక్క పదేపదే మూత్రం పోస్తుంది, దాహంతో తాగుతుంది. కిలో బరువుకు రోజుకు 100 మి.లీ. దాటితే అనుమానించాల్సిందే. నాకు ఎక్కువ భయం కలిగించేది మూత్రంలో ఇన్ఫెక్షన్. మంట, నొప్పి బయటపడనివ్వకుండా స్టెరాయిడే దాన్ని కప్పేస్తుంది.

ఇదే కుషింగ్ సిండ్రోమ్. అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ 1912లో ఒక యువతిలో వర్ణించి, 1932లో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలోని చిన్న గడ్డతో ముడిపెట్టాడు. కుక్కల్లో సహజంగా వచ్చే కుషింగ్‌లో 80–85 శాతానికి ఆ గడ్డే మూలం. తక్కినవాటిలో ఎక్కువ భాగం అడ్రినల్ గడ్డలు.

పొమేరియన్‌కు ఏ గడ్డా లేదు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, "ఈ రోజే ఆపేస్తానండీ" అన్నారు. అది ఇంకా ప్రమాదం. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నన్నాళ్లూ సొంత గ్రంథులు పని మానేసి కుంచించుకుపోతాయి. ఒక్కసారిగా ఆపితే వాంతులు, నీరసం, ప్రాణం మీదికి కూడా రావచ్చు. వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాం.

గడ్డ వల్ల వచ్చిందేమో అనిపించిన ముసలి డాక్స్‌హండ్ కూడా ఒకటుంది. దానికి స్టెరాయిడ్ ఎప్పుడూ పడలేదు. డెక్సామెథాసోన్ కొద్దిగా ఇచ్చి, ఎనిమిది గంటల్లో మూడుసార్లు రక్తం తీసి కార్టిసాల్ చూశాం. కుషింగే అని తేలింది. దానికి ఇచ్చిన మాత్ర ట్రైలోస్టేన్. అది కార్టిసాల్‌ను అదుపు చేస్తుందే గానీ గడ్డను కరిగించదు, కాబట్టి బతికున్నన్నాళ్లూ వెయ్యాలి. దాహం వారాల్లో తగ్గింది, బొచ్చు రావడానికి నెలలు పట్టింది. ఆ యజమానికి గట్టిగా చెప్పింది ఒకటే: కుక్క అన్నం ముట్టకపోతే ఆ రోజు మాత్ర వెయ్యకుండా వెంటనే నాకు ఫోన్ చెయ్యాలి. కార్టిసాల్ మరీ పడిపోయిందనడానికి అది మొదటి గుర్తు కావచ్చు.

స్టెరాయిడ్ తగ్గేకొద్దీ పొమేరియన్‌కు దురద తిరిగొచ్చింది. బొచ్చు పాయలు తీసి చూస్తే తోక మొదట్లో చిన్న నల్ల పురుగులు. వానాకాలపు తేమలో మా గోదావరి ఒడ్డున ఇవి విపరీతం. ఇప్పుడు మందు వాటికి వేస్తున్నాం, కుక్క పడుకునే గోనెపట్టాతో సహా.